బీబీ చెట్టు తల

చెట్టు చచ్చిపోయింది. ఆ సంగతి గల్ఫులో సలాలా అనే ఊళ్ళోని ఆ తోటలో ఇంకా ఎవరికీ తెలియదు, రఘుపతికి తప్ప. చూసేవాళ్ళకు అది పచ్చగా, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాచుకుని, పెళ్ళికొడుకులా నిక్కి నిలబడి ఉంది.

ఎక్కడో పసిఫిక్ సముద్రంలో న్యూ కెలడోనియా అని ఒక దీవి ఉందట. ఈ రకం అరకేరియా చెట్టు అక్కడ తప్ప ఎక్కడా పుట్టదట. గనుల తవ్వకాలతో అక్కడా వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయట. యజమాని భార్య, అందరూ బీబీ అనే ఆవిడ, వేలెడు మొక్కను తెప్పించి ఇంత చేసింది. మనిషి పోయింది, చెట్టు మిగిలింది. అర్బాబ్, అంటే ఆ యజమాని, రోజూ సాయంత్రం దాని పక్కనే కుర్చీ వేసుకుని కావా కాఫీ తాగుతాడు. కొడుకులను కూడా ఆయన అంత ప్రేమగా చూడగా ఎవరూ చూడలేదు.

మరి అలాంటి చెట్టును చంపిందెవరయ్యా అంటే, తోటమాలి రఘుపతే. పాపం, మంచి చేద్దామనే చంపాడు. జగిత్యాల రైతుబిడ్డ, చెట్టు కనిపిస్తే చుట్టూ పాది తీయకుండా చెయ్యి ఊరుకోదు. లోతుగా తీశాడు, మేకల ఎరువు దట్టించాడు. అంతలో సలాలా వానకాలం వచ్చిపడింది. తెరిపిలేని జల్లుకు పాది నిండా నీళ్ళు. రాళ్ళగుట్టల మీద పెరిగే చెట్టుకు కాళ్ళు తడిస్తే పడదని అతనికెవరు చెప్పారు? ముసురు పోయి ఎండ కాసిన ఈ పొద్దున చెట్టు మొదలు దగ్గర బెరడు గీకి చూస్తే, లోపలంతా నలుపు, కుళ్ళు వాసన.

పరుగున పోయి నర్సరీ నడిపే నిజామాబాద్ సమీయుల్లాను పిలుచుకొచ్చాడు.

"వేర్లు ఖతం భాయ్," అన్నాడు సమీయుల్లా. "ఆకులు ఇంకో రెండు వారాలు పచ్చగనే ఉంటయి, నమ్మకు. తల కోసి నాటు. పక్క కొమ్మ నాటితే జిందగీ అంతా అడ్డంగనే పెరుగుతది. నిటారుగ లేచేది తల ఒక్కటే. అది వాలిందనుకో, ఇగ ఏం లేదు."

వంటింటి గుమ్మంలోంచి ఇదంతా విన్న ఇక్బాలున్నీసా, ఆ ఇంట్లో వంట చేసే కడప ఆవిడ, గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అబ్బీ? శుక్రవారం నీకు ఫ్లైటు. రెండు వారాలు పచ్చగా ఉంటాదంట గదా, నోరు మూసుకోని పో. అది ఎండిపొయ్యేటప్పటికి నువ్వు ఊర్లో బిడ్డను ఎత్తుకోని ఉంటావు. ఇప్పుడు తల కోసినావంటే నీ సెలవూ పాయ, పనీ పాయ!"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? రఘుపతి గల్ఫుకు వచ్చాక పుట్టిన పిల్ల అది. తండ్రిని ఎప్పుడూ తాకి చూడలేదు. వీడియో కాల్‌లో 'ఫోన్ల బాపు' అని పిలుస్తుంది. ఆ మాట విన్న ప్రతిసారీ అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

అర్బాబ్‌కు ఫోన్ చేశాడు. అందలేదు. దూరాన బురైమి ఊళ్ళో కూతురింటి నుంచి రాత్రే బయల్దేరి ఎడారి దారిలో ఉన్నాడాయన. ఎండ ఎక్కుతోంది. తలెత్తి చూశాడు: చిటారు చివర సన్నగా ఒక పక్కకు ఒరుగుతోంది.

"వాలుతాంది అక్కా," అన్నాడు.

"వాలనీ! నీకెందుకు?"

"నేనే సంపిన అక్కా. గీ తలను గూడ సంపి, నా బిడ్డ ముంగట ఎట్ల నిలబడాలె?"

నిచ్చెన వేశాడు. కళ్ళు మూసుకోబోయి, మళ్ళీ తెరిచి, ఒక్క వేటుకు కోశాడు. మొండెం మీద తెల్లని జిగురు ఊరింది. తలను ఇసుక కుండీలో నిలబెట్టి, పైన పాలిథిన్ సంచి కప్పుతుండగానే గేటు దగ్గర హారన్ మోగింది.

అర్బాబ్ దిగాడు. చెట్టు వైపు చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక్బాలున్నీసా చప్పున తలుపు చాటుకు తప్పుకుంది.

"పాది తీసింది నేను, నీళ్ళు నిలిపింది నేను," అన్నాడు రఘుపతి అరకొర ఉర్దూలో. "వేర్లు కుళ్ళిపోయాయి. ఇదొక్కటే మిగిలింది."

అర్బాబ్ అరవలేదు. అరిచినా బాగుండేది. మత్రా బజారులో నేర్చుకున్న ఉర్దూలో మెల్లగా అన్నాడు: "శుక్రవారం వెళ్ళు. మళ్ళీ రావద్దు."

అయిపోయింది. రఘుపతి బతిమాలలేదు. తల వాడకుండా తుంపర కొట్టే స్ప్రే సీసా తీసుకోబోయాడు. అర్బాబ్ దాన్ని లాక్కుని కుండీ ముందు మోకాళ్ళ మీద కూలబడి, సంచి ఎత్తి నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. కొడుతూనే ఉన్నాడు. నీళ్ళు కారుతున్నాయి, ఇసుక మడుగైపోతోంది, ఆయన కళ్ళకేమీ కనిపించడం లేదు.

ఇన్నేళ్ళలో ఎన్నడూ యజమానిని తాకని రఘుపతి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"బస్ అర్బాబ్, ఇక చాలు! నేను ఇలాగే చంపాను!"

సీసా ఆగింది. అర్బాబ్ ఆ పట్టును విడిపించుకోలేదు. ఆయన తెల్ల దిష్‌దాషా అంగీ మోకాళ్ళ దగ్గర బురదైంది. సీసా చేతిలోనే పట్టుకుని రఘుపతి వైపు తిరిగాడు.

"నువ్వు తిరిగొచ్చేదాకా నేనే కొడతాను. ఎంత కొట్టాలో చూపించు."

రఘుపతి ఆయన వేలి మీద తన వేలు ఆనించి, సీసా మీట ఒక్కసారి నొక్కించి, చెయ్యి తీశాడు.