మీటింగు వేళ

"ఆఫ్రికా అనే దేశంలో..." అని మొదలైన జవాబు కింద మేడమ్ ఎర్ర సిరాతో గీత గీసి, "ఖండం" అని రాసింది. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. మెడ పట్టేసింది. ముక్కు మీద కళ్లజోడు నొక్కిన గుంటలు, చీర కుచ్చిళ్ల మీద సుద్దపొడి. ఆఫ్రికా రాజకీయాలు, ఆడవాళ్లు, అభివృద్ధి: ఇరవయ్యారేళ్లుగా ఆవిడ చెబుతున్న పాఠం ఇదొక్కటే.

వయసులో ఉన్నప్పుడు ఆ ఖండంలోని ఒక రేవుపట్నంలో చేపలమ్మే ఆడవాళ్ల వెంట రెండేళ్లు తిరిగి పుస్తకం రాసింది. మార్కెట్ కమిటీలో సగం కుర్చీలు వాళ్లకే అని చట్టం వచ్చింది. కమిటీ మాత్రం సరిగ్గా పడవలు ఒడ్డుకొచ్చే వేళకే మీటింగు పెట్టేది. కుర్చీలు ఖాళీ. "ఆడవాళ్లకు ఆసక్తి లేదు" అని మినిట్సులో రాసుకునేవారు. ఆ పుస్తకాన్ని ఆవిడ మొగుడు కూడా ముందుమాట దాటి చదవలేదు.

పదకొండింటి క్లాసుకు తొమ్మిదిమంది వచ్చారు. ఆ చేపల మార్కెట్ పాఠం విని వెనక బెంచీ అమ్మాయి అడిగింది.

"మరి వేళ మార్చమని వాళ్లు అడగలేదా మేడమ్?"

"అడగాలన్నా ఆ మీటింగుకే వెళ్లాలి కదమ్మా!"

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

తిరిగొచ్చేసరికి గది గుమ్మంలో శాఖాధిపతి నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

"మేడమ్, వచ్చే ఏడాది నుంచి మీ పేపరు తీసేశారండీ. పిల్లలు చేరడం లేదని... ఇప్పుడే మీటింగులో తేల్చేశారు."

"మీటింగు ఎప్పుడయింది?"

"పదకొండింటికండీ. నోటీసు పెట్టాం."

"పదకొండింటికి నాకు క్లాసని నీకు తెలీదూ? నువ్వూ ఆ క్లాసులో కూర్చున్నవాడివేగా!"

అతను చూపు తిప్పుకున్నాడు. "మీరు రాలేదు కాబట్టి అభ్యంతరం లేదని రాసుకున్నారండీ. బదులుగా ఆఫీసు ఉత్తరాలు రాయడం నేర్పే పేపరు మీకిస్తారు."

అరవాలనిపించింది. ఆవిడ కుర్చీలో కూలబడి, మిగిలిన జవాబుపత్రాలన్నీ దిద్ది కట్ట కట్టింది. తర్వాత తెల్లకాగితం మీద రెండే వాక్యాలు రాసింది. ఈ పరీక్షలతో నా ఉద్యోగం సరి. నాకు అభ్యంతరం ఉన్నదని మినిట్సులో చేర్చండి.

ఉత్తరం అందుకుని చదివి అటెండరు, "రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది కదమ్మా మీకు?" అన్నాడు.

"ఉందయ్యా," అంది, సంచీ భుజాన వేసుకుని.

ఆమె వెళ్లాక అతను గది ఊడ్చాడు. గోడకు ఆఫ్రికా పటం మిగిలిపోయింది. ఇన్నేళ్లూ వేలు ఆనించి చూపించి చూపించి, పడమటి తీరాన ఒకచోట కాగితం అరిగి, ఆ రేవుపట్నం పేరు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ.