ముప్పై ఒకటి

పదకొండేళ్ల కిందట డాక్టరు నాకు పౌరుష గ్రంథిలో క్యాన్సరని చెప్పాడు. పుస్తకాలు బైండు చేసి బతికేవాణ్ని, ఊరుకుంటానా. "గ్రంథమైతే నేనే కుట్టేసేవాణ్ని డాక్టరుగారూ, గ్రంథి సంగతి మీరే చూసుకోవాలి" అన్నాను. ఆయన నవ్వలేదు. పక్కన ఏడుస్తున్న మా ఆవిడ మాత్రం ముక్కు చీదుకుంటూ నవ్వేసింది. ఆ నవ్వు పట్టుకునే ఇన్నేళ్లూ లాక్కొచ్చాం.

ఇంజెక్షన్లు మొదలయ్యాక ఒళ్లంతా ఆవిర్లు, పొద్దస్తమానం నిద్రమత్తు. "మగతనంలో చివరి అక్షరం కొట్టేశాడే, మగతే మిగిలింది" అన్నాను. ఆవిడ పదికి ఎనిమిది మార్కులు వేసింది. అప్పటినుంచి అదే పద్ధతి. మూడు నెలలకోసారి క్యాన్సరు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, వచ్చిన అంకె మీద నా చమత్కారం, దానికి ఆవిడ మార్కులు. సున్నా పాయింటు రెండు వస్తే "సున్నితంగా ఉందే" అన్నాను, ఆరు. అంకె పెరిగిన రోజున మరీ గట్టిగా అరిచి చెప్పేవాణ్ని. మార్కులు వేసే సందట్లో ఆవిడ అంకెని మరిచిపోయేది. నాకు కావలసిందీ అదే.

ఈసారి ఆవిడకి మోకాళ్ల నొప్పి, ఒక్కణ్నే వెళ్లాను. డాక్టరు కాగితం నావైపు తిప్పాడు. "ముప్పై ఒకటి. ఎముకల్లోకి పాకింది. ఈ మందు ఇక పనిచెయ్యదు, మార్చడానికి వేరేదీ లేదు. నొప్పి తెలియకుండా చూద్దాం. ఇంట్లో చెప్పండి."

సూటిగా చెప్పెయ్యాలని బస్సులోనే అనుకున్నాను.

మా ముందుగదే కొట్టు. ఆవిడ ఒళ్లో ఏదో పుస్తకం తాలూకు అచ్చు ఫారాలు పెట్టుకుని కుడుతోంది.

"ఎంతొచ్చిందండీ?"

"ముప్పై ఒకటి."

"'ముప్పు ఒకటి' అంటారు, అంతేగా? ఈసారి నేనే చెప్పేశా. నాకెన్ని?"

"మందు పనిచెయ్యడం లేదట."

"ఏ మందు, సీసాలోదా?"

"కాదే. ఎముకల్లోకి వెళ్లిందట."

"ఊఁ. వెళ్లి?"

"అంతే."

"అంతేమిటండీ, సగంలో ఆపేశారు. సున్నా."

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడ నవ్వు ముఖం మీద అలాగే ఉంది గాని, కళ్లు నన్నొకసారి, నా చేతిలో కాగితాన్నొకసారి చూశాయి. సూది ఫారంలో సగం దిగి ఆగిపోయింది.

"ఏదో ఒకటి అనండి" అంది మెల్లగా. "పాతదైనా సరే. పదికి పది వేస్తాను."

నోరు తెరిచాను. ఏ మాటకీ రెండో అర్థం దొరకలేదు.