కోట గోడ నీడన పరిచిన పడుగు

ఉలిగీ, ఆ చాట పక్కన పెట్టి ఇట్లా జరుగు. ఇంకా దగ్గరకు రావే. ఈ సంగతి గట్టిగా చెబితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే దగ్గు వస్తుంది. మెల్లగా చెబుతాను, చెవి ఇటు పెట్టు.

మన కోటపాళెంలో పడుగులు బస్సులు తిరిగే రోడ్డు మీద ఎందుకు పరుస్తారని నిన్న అడిగావు. బస్సువాడు హారన్ మోగించి తిట్టిన ప్రతిసారీ నాకు మా మామ కదిరప్పే గుర్తుకొస్తాడు. చెప్పేది ఆయన సంగతే.

అప్పట్లో మన ఊరి పాతపేటలో, రాయల కాలం నాటి కోట గోడ వెంబడి ఒక బయలు ఉండేది. ఎవరి పట్టా కాదు, ఊరిది. పొడుగ్గా, చదునుగా ఉండేది. తూర్పున గోడ అడ్డం కాబట్టి పొద్దు బాగా ఎక్కేదాకా నీడే. గాలి కూడా తగలదు. పట్టు పడుగుకు ఇంకేం కావాలి? మూడు చీరలకు సరిపోయే పొడుగు పోగులను రెండు గుంజల నడుమ బిగించి, పలచని గంజి పట్టించి, కుంచెతో దువ్వుతాం. తెగిన పోగును తెగినచోటే అతకాలి. ఎండ తగిలితే గంజి బిరుసెక్కుతుంది, గాలి తగిలితే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకే తడి పడుగును వదిలి ఎవరూ కదలరు.

పరిచిన పడుగును ఎవరూ దాటరు కూడా. అది ఊరి కట్టుబాటు. పెళ్ళి ఊరేగింపు వచ్చినా, పాడె వచ్చినా చుట్టూ తిరిగి పోవాల్సిందే. గుంజ దగ్గర కుక్క కూడా ఒక నిమిషం ఆలోచించేది.

నాకు పెళ్ళయి రెండేళ్ళు. రెండో యుద్ధం ఇంకా మొదలుకాలేదు. ఒక పొద్దున దండోరా వేశారు. గోడ పక్క బయలును పంచాయతీ బోర్డు వేలం వేస్తుందట, చెనక్కాయల నూనె మిల్లు వస్తుందట, ఊరు బాగుపడుతుందట. కోట వాకిలి రాతికి ఒక కాగితం కూడా అంటించారు. ఆ బయలు మీద బతికేవి నాలుగు ఇళ్ళు. ఆ నాలుగు ఇళ్ళలోనూ అక్షరం ముక్క వచ్చింది నాకొక్కదానికే. పరిగిలో మా పుట్టింట్లో ఉండగా రెండో తరగతి దాకా చదివాను. వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదివి మామ దగ్గరకు పరిగెత్తాను.

"మామా, వేలం బేస్తవారమంట, బోర్డు కచేరీలోనంట. వద్దనేవాళ్ళు బుధవారం ఐదు గంటల్లోపల రాసి, వేలిముద్ర ఏసి ఇయ్యల్లంట."

మామ గంజి కలుపుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఏమ్మా యశోదా, చింతకాయల వేలం యాడేస్తారు?"

"చెట్టు కింద."

"గడ్డి వేలం?"

"బీట్లో."

"మరి నేల వేలం కచేరీలో ఎట్లేస్తారమ్మా? నేలను గంపకెత్తుకొని పోతారా?"

అందరూ నవ్వారు. మా అత్త లక్ష్మీనరసమ్మ ఇంకో మాట కలిపింది. "రెండో తరగతికే తాసిల్దారు మాటలు చెప్తాండాది. ఇంగ నాలుగో తరగతి చదివింటే మనల్నే వేలమేసుండు!"

వాళ్ళను తప్పుపట్టి ఏం లాభం? వాళ్ళు పుట్టినప్పటి నుంచి చూసిన వేలాలన్నీ అట్లాగే జరిగాయి. సరుకు ఎక్కడుంటే మనుషులు అక్కడ గుంపుగా నిలబడి పాట పాడేవాళ్ళు. చెట్టు దగ్గరకు పోనివ్వకపోతే చెట్టు వేలం ఆగిపోయేది. అట్లా ఆగడం వాళ్ళు కళ్ళారా చూశారు కూడా.

దానికి తోడు, మూడో నాడు కొలతగాళ్ళు గొలుసు పట్టుకుని వచ్చారు. బయలంతా పడుగు పరిచి ఉంది. ఈ చివర నిలబడి చూశారు, ఆ చివరకు పోయి చూశారు. ఏదో గుసగుసలాడుకుని వెళ్ళిపోయారు. పక్కింటి కుళ్ళాయప్ప మీసం దువ్వుకున్నాడు.

"చూసినావా కదిరప్పా! దారానికి దొరతనం గూడా జడుస్తాది."

ఇంకేముంది, ఆ పూటే తీర్మానం చేసుకున్నారు. వేలం రోజు దాటేదాకా బయలు ఖాళీగా ఉండకూడదు. ఒక పడుగు చుట్టేలోపల పక్కన ఇంకొకటి పరవాలి. నాలుగు ఇళ్ళవాళ్ళూ ధర్మవరం షావుకార్ల దగ్గరకు పోయి, వచ్చే నెల నేయాల్సిన పట్టు కూడా ముందే తెచ్చుకున్నారు. మధ్యాహ్నం నీడ తొలగిపోతే మేము ఆడవాళ్ళం పాత చీరలు చేతులెత్తి పట్టుకుని పడుగుకు నీడ ఇచ్చేవాళ్ళం. మా నెత్తికి మాత్రం నీడ లేదు. భుజాలు లాగి, రాత్రి ముద్ద నోటిదాకా పోయేది కాదు. అయినా అందరికీ ఎంత సంబరం! యుద్ధంలో గెలుస్తున్నట్టే ఉండేది.

నాకు మాత్రం ఆ కాగితం మీదే దిగులు. నీళ్ళకు పోయినప్పుడల్లా వాకిలి దగ్గర ఆగి మళ్ళీ చదివేదాన్ని. ఒకవేళ తప్పు చదివానేమో అని. ఎన్నిసార్లు చదివినా అది బుధవారమే, కచేరీయే.

బుధవారం రానే వచ్చింది. కచేరీ ఎంత దూరమనుకున్నావు? గోడ మలుపులో నిలబడితే దాని కిటికీ కనిపించేది. మూడు గంటలప్పుడు అత్తతో అన్నాను.

"అత్తా, ఒగరు పోయి రాయించి, వేలిముద్ర ఏసొస్తే సాలు. ఆడ కనపడతానే ఉండాది కదా."

"గంజి ఆరిపోతాదే. ఇది దువ్వి పోదాంలే."

నాలుగింటికి మామను అడిగాను. "ఈ పోగు అతకనీమ్మా" అన్నాడు. అతికాడు. ఇంకొకటి తెగింది. నా మొగుడు ఓబుళప్పను కళ్ళతోనే బతిమాలాను. పాపం, ఆయన లేచాడు, పంచె దులుపుకున్నాడు. అంతలో గాలి లేచింది. "రేయ్, ఆ గుంజ పట్టుకోరా!" అని నలుగురూ అరిచారు. ఆయన గుంజ పట్టుకున్నాడు. ఆ పట్టుకున్నవాడు మళ్ళీ వదల్లేదు.

నువ్వే పోయి ఉండొచ్చు కదవ్వా అంటావు. ఇంటి మగవాళ్ళ వేలిముద్ర కావాలి, కోడలిది చెల్లదు. అయినా పోయి ఉండాల్సింది. కచేరీలో ఉండే గుమాస్తా కాళ్ళు పట్టుకుని, ఇంకొక గంట ఆగప్పా అని అడిగి ఉండాల్సింది. నా చేతిలో కుంచె ఉంది. అదే సాకుగా చెప్పుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

కచేరీ గంట ఐదు కొట్టింది. కుళ్ళాయప్ప వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఇంగ వాళ్ళు ఇండ్లకు పోతారు, రేపు ఒక్కరోజు కాస్తే సాలు" అన్నాడు.

మరునాడు బేస్తవారం. పొద్దున్నే రెండు పడుగులు పరిచి, గోడ పొడుగునా కాపు కాశాం. వేలం వాళ్ళు వస్తారని మామ తలపాగా కూడా చుట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాటాక బోర్డు గుమాస్తా జయరాజు ఒక్కడే వచ్చాడు. పడుగుకు పది అడుగుల దూరంలో ఆగి, చెప్పులు విడిచాడు.

"కదిరప్పా, వేలమైపోయిందప్పా."

"యాడ?"

"కచేరీలో. హిందూపురం ఆసామి పాడుకున్నాడు."

మామ నేలను చూశాడు, మళ్ళీ ఆయన్ను చూశాడు. "నేల ఈడుండాది కదప్పా. వేలం ఆడెట్లయితాది?"

"కాగితం మీద అయితాదప్పా. నిన్న ఐదు దాకా మీరొస్తారని కిటికీలోంచి చూస్తానే ఉంటి. ఒగరన్నా రాకపోతిరి. ఒక్క కాగితమన్నా ఉంటే పెద్దలు ఆలోచించుండురు."

మామ ముఖం ఎర్రబడింది. "అట్లయితే ఈ పడుగు దాటి వచ్చి తీసుకో! ఎవడు దాటుతాడో చూస్తా!"

జయరాజు అరవలేదు, బెదిరించలేదు. "నేనెందుకు దాటుతానప్పా? మా అవ్వది గూడా మగ్గమే. మీరు చుట్టుకొనేదాకా ఈడే నిలబడతా" అన్నాడు.

అన్నట్టే నిలబడ్డాడు. ఆయన ఒక్క అడుగు వేసినా బాగుండేది, కొట్లాటకు దిగేవాళ్ళం. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని ఏం చేస్తాం? గంటలో చుట్టే పడుగును మామ పొద్దు గుంకేదాకా చుట్టాడు. బాగున్న పోగును కూడా పట్టి పట్టి చూశాడు. చివరి చుట్టు అయ్యాక, తను పాతిన గుంజలను తనే పెరికాడు.

తర్వాత నాలుగు ఇళ్ళ పెద్దలూ పై కచేరీలో అర్జీ పెడదామని పెనుకొండకు పోయారు. అర్జీలు రాసే ఆయన మొత్తం విని, "గడువు లోపల ఏమన్నా ఇచ్చినారా?" అని ఒక్కటే అడిగాడట. అంతే, తిరిగి వచ్చేశారు. మిల్లు లేచింది. కోట గోడ రాళ్ళే దాని పునాదిలోకి పోయాయి. పడుగులు రోడ్డెక్కాయి. మొదటి బండి పడుగు మీదుగా పోయిన నాడు మామ అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఆయనకొక అలవాటు పట్టుకుంది. బెల్లం చుట్టి ఇచ్చిన కాగితమైనా సరే, విప్పి నా ముందు పెట్టేవాడు. "ఏం రాసుండాదో చదువమ్మా" అనేవాడు. పాత పత్రిక ముక్క మామా, ఏమీ లేదు అన్నా వినేవాడు కాదు. చివరి అక్షరం దాకా చదివించుకుని, "సరే" అని లేచేవాడు. పోయేదాకా అంతే. కోపం ఆయన మీద ఎట్లా పెట్టుకోను?

నీళ్ళు ఇట్లా ఇవ్వు. దగ్గొస్తోంది.

ఉలిగీ, రేపు నీకు బిడ్డలు పుట్టి, రోడ్డు మీద పడుగు చూసి ఇదే అడుగుతారు. అప్పుడు మిల్లువాడు లాక్కున్నాడని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. గంప మాట చెప్పు, నవ్వినవాళ్ళ పేర్లతో సహా చెప్పు. కిటికీ కనిపించేంత దూరమని చెప్పు. నా చేతిలో కుంచె ఉందని కూడా దాచకుండా చెప్పు. ఏదీ, ఇప్పుడు ఒకసారి నాకు చెప్పు, వింటాను. దండోరా దగ్గర నుంచి మొదలుపెట్టు.