మొదట వేయకూడని ముక్క

ఇంగ్లండులో డర్హం బొగ్గుగనుల పక్కనున్న ఆ ఊళ్లో క్రిబ్బేజ్ ఆటలో కథ్‌బర్ట్‌ను ఓడించడం ఎవరి తరమూ కాలేదు. గని మూతపడ్డాక అతనికి మిగిలినవి ఆయాసమూ, కార్మికుల క్లబ్బులో ఆ పేకాటా. ఆ చలికాలం ఛాతీ పట్టేసి క్లబ్బు కూడా దూరమైంది. చేతులు ఊరుకోక భార్య మార్జరీని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

ఆమె చేతికందిన ముక్క వేసేసేది.

"అయ్యో పిల్లా, మొదటి ముక్కే ఐదు వేస్తావా? దాని మీద నేను రాజునో రాణినో పడేస్తే పది కలిసి పదిహేను. రెండు పాయింట్లు నావి! నాలుగు వెయ్యి. అప్పుడు ఎవడూ ఒక్క ముక్కతో పదిహేను చెయ్యలేడు."

"మనవలున్నదాన్ని, పిల్లా ఏంటి?"

"ఆట వచ్చేదాకా పిల్లవే. నీ ముక్కలు చూసుకుంటూ కూర్చోకు. నా చేతిలో ఏముందో ఆలోచించు."

మార్జరీ ఆలోచించడం నేర్చుకుంది. అతను వేసే ముక్కను బట్టి దాచుకున్నదేమిటో పసిగట్టసాగింది. అరుదుగా గెలిచేది కాస్తా తరచుగా గెలవసాగింది. మొదట్లో మురిసిపోయింది. తర్వాత భయం పట్టుకుంది. అతను వేసే ముక్కల వెనక ఇప్పుడు ఆలోచనేమీ కనబడటం లేదు.

ఒక మధ్యాహ్నం అతను మొదటి ముక్కగా ఐదు వేశాడు. ఆమె చేతిలో రెండు రాజులున్నాయి. వాటిని కదపకుండా రెండు అంకె ముక్క వేసింది.

ఆట ముగిసి, లెక్క చూసుకోవడానికి ముక్కలు పరిచారు. కథ్‌బర్ట్ చూపు రాజుల మీద ఆగిపోయింది.

"నా ఐదు మీద రాజు వెయ్యలేదేం?"

"చూసుకోలేదు."

"అబద్ధమాడకు. మొదట ఐదు వెయ్యకూడదని నీకు చెప్పిందెవరు?"

"నువ్వే."

"మరి వేసింది కూడా నేనేగా," అన్నాడతను. "ఎన్నాళ్లనుంచి ఇలా ఆడుతున్నాను, మార్జ్?"

ఆమె ముక్కలు పోగుచేసి కలపసాగింది.

"జాలిపడి ఆడకు. ముక్కలు పంచు."

ఆమె పంచింది. నేర్పినట్టే ఆడి చిత్తుగా ఓడించింది. అతను పాయింట్లు లెక్కపెట్టే చిల్లుల పలకలోంచి తన పుల్ల పీకి బల్ల మీద పెట్టాడు. "ఆదివారం క్లబ్బు పోటీకి నా బదులు నువ్వెళ్లు. నెడ్‌కి జోడీ కావాలి."

ఆదివారం ఆమె వెళ్లింది. మొదట నాలుగు వేసింది. గనిలో, ఆటలో భర్తకు జన్మంతా జోడీగా ఉన్న నెడ్ ఆమె ఆట చూసి, "అచ్చం వాడి చెయ్యే!" అన్నాడు. ఇద్దరూ గెలిచారు.

ఇంటికొచ్చేసరికి కథ్‌బర్ట్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"గెలిచాం," అంది కోటు విప్పకుండానే.

"మొదట ఏం వేశావు?"

"నాలుగు."

అతని ముఖం వెలిగింది. "శభాష్. జోడీ ఎవరు?"

"నెడ్. ఇంకెవరు?"

కథ్‌బర్ట్ మర్యాదగా తలూపాడు. "నెడ్... ఆయన ఈ ఊరివాడేనా?"

మార్జరీ కుర్చీ దగ్గరకు లాక్కుని, అతని చెయ్యి పట్టుకుని, నెడ్ ఎవరో చెప్పడం మొదలుపెట్టింది.