ఉమ్మడి ఇంటి వేలం

అరకులో ఆ పెంకుటిల్లు మగ్దలేనమ్మ, ఆమె తమ్ముడు మార్కు కలిసి కట్టుకున్నది. ఆమె మిషన్ బడిలో టీచరు. మార్కు కాఫీ గింజల వ్యాపారంలో దెబ్బతిని 2001లో ఐపీ పెట్టాడు. అతని ఆస్తంతా కోర్టు రిసీవరు చేతికి పోయింది. ఆ ఇంట్లో అతని సగం కూడా.

అతని సగం అమ్ముకోండి, నా సగం జోలికి రాకండని మగ్దలేనమ్మ మొత్తుకుంది. రెండు గదుల ఇంటిని పంచడం కుదరదనీ, మొత్తం అమ్మి ఆమె వాటా ఆమెకిస్తామనీ కోర్టు తేల్చింది. పోనీ తమ్ముడి సగం నేనే కొంటానంటే, ఆ మాట ఆర్డరు పడకముందే అడగాల్సిందన్నారు. ఆ సంగతి చెప్పాల్సిన ఆమె ప్లీడరు ఆ వాయిదాకే రాలేదు.

అరకు ఏజెన్సీ ప్రాంతం, అక్కడి ఆస్తిని మగ్దలేనమ్మలాంటి గిరిజనులే కొనాలి. రెండు వేలాలకు ఎవరూ రాలేదు. వాటాదారు కాబట్టి ఆమె పాడాలంటే కోర్టు అనుమతి కావాలి, అది మూడో వేలానికి గానీ రాలేదు. ప్రతి వాయిదాకూ ఆమె సెలవు పెట్టి, పాసింజరు రైలెక్కి విశాఖ వెళ్ళి, మరో తేదీ రాసిన కాయితంతో తిరిగొచ్చేది.

మూడో వేలం ఇంటి ముందే జరిగింది. రిసీవరు సర్వేశ్వరరావు అరుగు మీద కుర్చీ వేయించుకున్నాడు. మగ్దలేనమ్మ పాట మొదలుపెట్టింది. సుంకరమెట్ట నుంచి వచ్చిన మంగ్లు పెంచాడు. ఆమె పెంచింది, అతను మళ్ళీ పెంచాడు. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. కొద్దిపాటి రాజ్మా చేను తప్ప ఏమీ లేనివాడు. రోడ్డు మీద ఆగిన కారులో విశాఖ హోటలు యజమాని ఒకాయన కూర్చుని ఇటే చూస్తున్నాడు.

ఆమె పాట ఆపి మంగ్లు దగ్గరికి నడిచింది.

"మంగ్లూ, ఈ డబ్బు నీదేనా?"

అతను రోడ్డు మీది కారు వైపు చూశాడు.

"పేరు మట్టుకే నాది టీచరమ్మా."

సర్వేశ్వరరావు ఆ మాట విని వేలం ఆపేశాడు. అయితే ఇల్లు నాకే కదా అని ఆమె అడిగింది. కోర్టుకు రాయాలి, మళ్ళీ తేదీ వేస్తారన్నాడాయన.

"మా ఇల్లు మేం కొనుక్కోడానికి ఇంకెన్ని తేదీలు సార్?"

ఆయన కాయితాలు సర్దుకుని జీపెక్కాడు.

ఇంకో ఏడాదిన్నర పట్టింది. నాలుగో వేలంలో ఎదురు పాడేవాళ్ళు లేక ఇల్లు ఆమె పేరు మీదికొచ్చింది. ఆ సాయంత్రమే మార్కు బట్టలు పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఏటి సేత్తన్నావు?" అంది.

"ఇక నాకు హక్కు లేదు కదప్పా," అన్నాడు అక్కతో.

"హక్కుల గురించి నాలుగేళ్ళు కోర్టులో విన్నాను. ఇంట్లో కూడా వినలేను. పోయి బియ్యం కడుగు."