జానెడు లేచి ఆగే నాగలి

మా ట్రాక్టర్‌ని కొనడానికి వచ్చిన మనిషి దాని ఇంజన్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. దాని ముందు నిలబడి, జుట్టు సవరించుకుని, తన ఫొటో తనే తీసుకున్నాడు. వీడికి మాత్రం ఇవ్వకూడదని నేను ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను.

మెయిన్ రోడ్డు మీద పల్లెటూరి పద్ధతిలో హోటల్ పెడుతున్నాడట. గేటు దగ్గర ట్రాక్టర్ నిలబెట్టి, చుట్టూ రంగు బల్బులు చుట్టి, సీటు మీద మెత్త వేస్తాడట. బిర్యానీ తిన్నవాళ్ళు దాని మీదెక్కి ఫొటోలు దిగుతారట. ఇంజన్ ఉన్నా లేకపోయినా ఒకటేనన్నాడు. మా ఆయన విజయేందర్‌కి ఈ మాట తెగ నచ్చింది.

"ఆదివారం పదకొండింటికి లారీ పంపిస్తడంట" అన్నారు బుధవారం సాయంత్రం టీ తాగుతూ.

"లిఫ్ట్ బాగుచేస్తే?"

"చేస్తే ఉంచుకుందాం. చెయ్యలేకపోతే మాత్రం పోనియ్యి ఝాన్సీ. ఊకె షెడ్డుల పెట్టుకోని ఏం చేస్తం?"

మాట తీసుకున్నాను. మా ఆయన బ్యాంకు ఉద్యోగి. అవతలివాళ్ళు కట్టలేరనుకున్న గడువు ఇచ్చి ధీమాగా కూచోవడం ఆయనకి అలవాటే.

లిఫ్ట్ అంటే అపార్ట్‌మెంట్లలో ఉండేది కాదు. ట్రాక్టర్ వెనక రెండు ఇనప చేతులుంటాయి. వాటికి నాగలి తగిలిస్తాం. సీటు పక్కనున్న లివర్ పైకి లాగితే, లోపల నూనె ఒత్తిడికి ఆ చేతులు నాగలిని పైకెత్తాలి. కిందికి తోస్తే దించాలి. దున్నేటప్పుడు చాలు చివర బండి మలుపు తిరగాలంటే నాగలి కనీసం మోకాలెత్తు లేవాలి. మాది జానెడు లేచి ఆగిపోతోంది. పోయినేడాది అలాగే మలుపు తిప్పితే నీళ్ళ పైపుని కూడా దున్నేసింది.

యాప్రాల్‌లో మా ఇంటి వెనక ఇంకా అరెకరం మిగిలింది. మూడు వైపులా అపార్ట్‌మెంట్లు, నాలుగో వైపు మా జామచెట్టు. ఇప్పటి పెద్ద ట్రాక్టర్లు మా సందులో తిరగవు. ఈ పొట్టి ఎర్ర ట్రాక్టర్ పోతే ఆ నేలలో నాకు చిక్కుళ్ళూ లేవు, వంకాయలూ లేవు. అదొక్కటే కాదు. మల్కాజ్‌గిరిలో పెరిగి, ఫిజిక్స్‌లో డిగ్రీ పుచ్చుకుని, కుక్కర్ ఈలలు లెక్కపెట్టడానికి ఈ ఇంటికి వచ్చిన నాకు మామయ్య బిక్షంగారు నేర్పిన ఒకే ఒక్క విద్య ఈ ట్రాక్టర్ నడపడం. కన్నకొడుక్కి, అంటే మా ఆయనకి, నేర్పబోతే బండిని గోడకి గుద్దేశారట. ఆ గోడకి పడ్డ అతుకు ఇప్పటికీ ఉంది.

గురువారం రాణిగంజ్ నుంచి ఎరిక్ మేస్త్రీ వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా పాత ట్రాక్టర్లతోనే బతుకుతున్నాడు. స్టార్ట్ చేయించి, లివర్ లాగి, నాగలి జానెడు లేవగానే చెవి మీద పెన్సిల్ తీశాడు.

"పంప్ ఖతమ్ మేడమ్. బండిని నడిమిట్ల రెండు ముక్కలు చెయ్యాలె. పది రోజులు."

"పది రోజులు లేవు. ఆదివారం దాకే."

"అయితే ఆ హోటలోనికే ఇచ్చెయ్యుండ్రి. మంచిగ ఏసీల ఉంటది."

"గేటు దగ్గర ఏసీ ఎక్కడుంటుంది ఎరిక్?"

"గది సుత నిజమే" అని నవ్వి, ఆదివారం పొద్దున ఒకసారి వస్తానని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక నేను పాత చీర కట్టుకుని షెడ్డులోకి దిగాను. నూనె కొలిచే పుల్ల తీసి చూస్తే నూనె గీత దాకా ఉంది. నీళ్ళు కలిస్తే మజ్జిగలా మారాలి, ఇది తేనె రంగులో ఉంది. పంపుని తిప్పే లివర్ వేసే ఉంది. అన్నీ సరిగ్గా ఉండి కూడా పని జరగకపోవడం నాకు కొత్తేమీ కాదు, మా ఇంటి మిక్సీ ఏడాదిగా అలాగే ఉంది.

బావి తవ్వినప్పటి ఇసుక బస్తాలు మూడు మూలనుంటే, కూలీ మనిషి చేత నాగలి మీద పెట్టించాను. లివర్ లాగాను. నాగలి మూడు బస్తాలతో సహా జానెడు లేచింది. అంతే వేగంగా లేచింది, అంతే ఎత్తులో ఆగింది, దించేదాకా అక్కడే నిలబడింది. వెలుగుతున్న దీపం చూసినట్టు చూశాను దాన్ని. పంపులో బలం లేకపోతే బరువు పెరిగే కొద్దీ తగ్గాలి కదా? ఇది తగ్గలేదు. అంటే ఎత్తలేక ఆగడం లేదు. ఆగమన్న చోట ఆగుతోంది. అచ్చం పెళ్ళైన కొత్తలో నాలాగే.

మరి ఆగమన్నది ఎవరు?

శుక్రవారం వంట ముగించి దసరా ఫొటోలు బయటికి తీశాను. ఆయుధపూజ నాడు నాగలి పూర్తిగా పైకెత్తి, దాని పక్కన నిలబడి ఫొటో దిగడం మామయ్య పెట్టిన ఆనవాయితీ. ఆయన పోయాక కూడా మేం మానలేదు. అత్తయ్య శారదమ్మ లిఫ్ట్ లివర్ జరిగే చీలిక పైకొసన ఎర్రగుడ్డ కడుతుంది. మా ఆయన అంతకుముందు ఆదివారం బండికి ఎర్ర పెయింట్ కొడతారు. నేను ఫొటో తీస్తాను. ఎవరి భక్తి వాళ్ళది.

భోజనాల బల్ల మీద ఫొటోలన్నీ వరసగా పేర్చాను. మామయ్య ఉన్నప్పటి మూడు ఫొటోల్లోనూ నాగలి పెద్ద చక్రం నడుమకి సమానంగా ఉంది. ఆయన పోయాక మొదటి ఏడు కొంచెం కింద. మరుసటి ఏడు ఇంకొంచెం. మెట్లు దిగినట్టు తొమ్మిది దసరాలు, తొమ్మిది మెట్లు.

"ఫొటో యాంగిల్ తేడా" అన్నారు మా ఆయన వేలితో తోస్తూ.

"యాంగిల్ ఏటా ఒక్కో అంగుళం దిగుతుందా అండీ?"

"పంప్ అరిగిపోతుంటది మెల్లగ."

"సరిగ్గా దసరాకి దసరాకీనా?"

ఆయన టీవీ పెట్టుకున్నారు. నేను టార్చిలైటు పట్టుకుని షెడ్డులోకి నడిచాను.

లివర్ ఒక ఇనప చీలికలో పైకీ కిందికీ జరుగుతుంది. ఎంత పైకి జరిపితే నాగలి అంత ఎత్తు లేస్తుంది. మామయ్య కాలం నాటి ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే, లివర్ ఆ చీలిక చివరికంటా వెళ్ళి ఉంది. ఇప్పుడు సగంలోనే ఒక ఎర్ర దిమ్మకి తగిలి ఆగుతోంది. నిమ్మకాయంత దిమ్మ, నున్నగా మెరుస్తూ, కంపెనీవాళ్ళే బిగించినట్టుంది. గోటితో గీశాను. పెయింట్ పెచ్చు ఊడింది. దాని కింద గుడ్డ. దాని కింద పసుపు, గ్రీజు, మళ్ళీ పెయింట్, మళ్ళీ గుడ్డ.

అత్తయ్య తొమ్మిదేళ్ళు కట్టింది. ఒక్కటీ విప్పలేదు. మా ఆయన తొమ్మిదేళ్ళు దాని మీద రంగేశారు. తల్లీకొడుకులు కలిసి కట్టిన గోడ అది.

అక్కడే కోసెయ్యచ్చు. అత్తయ్య బన్సీలాల్‌పేట్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళింది, ఆదివారం పొద్దున గానీ రాదు. ఎలుకలు కొరికాయని చెప్తే నమ్ముతుంది కూడా. ఈ ఇంట్లో ఎలుకల మీదకి నేను తోసిన నేరాలు ఇంతకుముందూ ఉన్నాయి. కొడవలి చేతిలోకి తీసుకుని మరీ ఆలోచించాను. కానీ కారణం తెలియకపోతే వచ్చే దసరాకి మళ్ళీ కడుతుంది, తొమ్మిదేళ్ళకి మళ్ళీ ఈ హోటల్ వాడి కొడుకు లారీ తెస్తాడు. ఆవిడ చేతే విప్పించాలి. శనివారమంతా ఓపిక పట్టాను. నాకు చాలా కష్టమైన పని అది.

ఆదివారం పదింటికి అత్తయ్య ఆటో దిగింది. సంచీ కూడా దించనివ్వకుండా షెడ్డులోకి తీసుకెళ్ళాను. ఎరిక్ అప్పటికే వచ్చి స్టూలు మీద కూచున్నాడు.

విషయం చెప్పాను. అత్తయ్య మొహం ఎర్రబడింది.

"ఏందే నువ్వనేది? పూజల కట్టింది విప్పుతరా ఎవరన్న? గది నా చేతులతోని కట్టింది. బండికి కీడైతది."

"బండికి కీడు పదకొండింటికి లారీలో వస్తోంది అత్తయ్యా."

"గట్ల ఎటకారం చెయ్యకు. మీ మామ ఉన్నప్పటి సంది కడుతున్నం. అప్పుడు లేంది ఇప్పుడెట్లొచ్చింది?"

ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాను. మూడు పాత ఫొటోలు ఆవిడ చేతిలో పెట్టాను. "మామయ్య ఉన్నప్పుడూ మీరు ఏటా కట్టారు కదా. మరి ఒక్కో ఫొటోలో ఒక్కటే గుడ్డ ఉందేం?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. ఒక్కొక్కటీ దగ్గరగా, దూరంగా చూసింది.

"దసరా నాడు తెల్లారకముందే లేసి బండి కాడికి వోతుండె" అంది చివరికి. "కడుగుతుండేమో అనుకున్న. నేను లేసి తానం చేసొచ్చేసరికి లివర్ కాడ సాఫ్‌గ ఉంటుండె." మూడో ఫొటో మళ్ళీ పైకి తీసింది. "ఝాన్సీ, మనకు జామచెట్టు మొదట్ల ఎర్రపీలికలు దొరుకుతుండె గదా దసరాకు?"

"దొరికేవి. పక్కింటి ప్రేమమణిగారు పడేస్తున్నారని మీరు తిట్టేవారు."

"పాపం, మూడేండ్లు మాట్లాడలే దానితోని." అత్తయ్య ఫొటోలు కొంగులో తుడిచి నాకిచ్చింది. "మంచిగనే చేసిండు మొగోడు. ఒక్క మాట నాకు చెప్తే ఏం పోయె? పో, కొడవలి పట్కరా."

కొడవలి నా వెనక బకెట్‌లోనే ఉంది. ఆవిడే వంగి అందుకుంది.

దిమ్మ అంత తేలిగ్గా లొంగలేదు. పైపొర రాయిలా ఉంది. అత్తయ్య దండం పెట్టుకుని కోసింది. చెయ్యి నొప్పి పుడితే నేను కోశాను. ఎరిక్ స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించాడు. "ఏం పెయింట్ కొట్టిండు సారు, మేడమ్! రైలు పట్టాలకు సుత గింత కొట్టరు" అన్నాడు. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మా ఆయన వెనక్కి తిరగబోయారు.

"ఇగో విజయేందర్, యాడికి?" అంది అత్తయ్య. "నీ పనే ఇది సగం. వట్టు ఈ కొస."

ఆయన పట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా మీద గ్రీజు పడింది. సందు మొదట్లో లారీ హారన్ వినిపించింది. పదిన్నరకే వచ్చేశాడు, పదకొండన్నవాడు.

చివరి ముడి ఊడేసరికి లారీ మా గేటు ముందు ఆగింది. ఎరిక్ చీలికని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. "దాన్ని కంపెనీ స్టాపరే అనుకున్న మేడమ్" అని గొణిగాడు. నేను సీటు ఎక్కి కూచున్నాను. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. లివర్ లాగాను. దిమ్మ ఉన్న చోటు దాటింది. ఇంకా లాగాను. చీలిక చివరకి ఠంగుమని తగిలింది.

నాగలి లేచింది. జానెడు దాటింది. మోకాలు దాటింది. చక్రం నడుమకి సమానంగా వచ్చి, మామయ్య ఫొటోలో ఎక్కడ ఆగిందో అక్కడ ఆగింది. నేను దించి మళ్ళీ ఎత్తాను. మూడోసారి అవసరం లేదు, కానీ మా ఆయన చూస్తున్నారు కాబట్టి ఎత్తాను.

"సరే" అన్నారాయన. "వాళ్ళకేం చెప్పాలె ఇప్పుడు?"

"మీరు మాటిచ్చారు. మీరే చెప్పాలి."

లారీవాడు గేటు తీయమని అరుస్తున్నాడు. ట్రాక్టర్‌ని గేటు దాకా తెచ్చి, సీటు మీంచే వంగి గేటు తీశాను. పొలానికి బండి దారి గేటు బయటినుంచే. లారీ వెనక్కి పోతే తప్ప నాకు దారి లేదు, నేను దిగితే తప్ప వాడికి పని జరగదు. మా ఆయన గ్రీజు చేతులతో ఇద్దరి మధ్యా నిలబడి హోటల్ మనిషికి ఫోన్‌లో సర్ది చెప్పారు. చివరికి లారీయే వెనక్కి జరిగింది. నేను ఇంటి పక్కనుంచి పొలంలోకి దిగాను.

మొదటి చాలు చివర మలుపులో నాగలి ఎత్తి తిప్పాను. నీళ్ళ పైపు క్షేమంగా ఉంది.

తిరిగొచ్చేసరికి అత్తయ్య ఆ పీలికలన్నిటినీ జామచెట్టు మొదట్లో పెట్టి, ప్రహరీ మీంచి ప్రేమమణిగారికి రెండు జామకాయలు అందిస్తోంది. నన్ను చూసి గట్టిగా అడిగింది.

"మరి వచ్చే దసరాకు కొత్త గుడ్డ యాడ కట్టాలె ఝాన్సీ?"

"హారన్‌కి కట్టండి అత్తయ్యా. అది మోగి ఇరవై ఏళ్ళయింది. కొత్తగా చెడేదేం లేదు."

"పాతది విప్పాలె కదా ఏటా?"

"విప్పాలి."

"గట్లయితే నన్ను తెల్లారకముందు లేపు" అని, నా మొహం మీది మట్టి కొంగుతో తుడిచింది.