చచ్చినట్టు రాసిచ్చిన చేప

డిసెంబరు నెల మధ్యలో చెక్ దేశపు మొరావియాలోని మా ఊరి రవాణా సంస్థ ట్రాము టికెట్టు ధర మళ్ళీ పెంచింది. పెంచితే పెంచింది, రెండేళ్ళకోసారి పెంచేదే, తిట్టుకుంటూ కొంటాం. ఈసారి ధరతోపాటు ముప్ఫై నాలుగు పేజీల కొత్త నిబంధనలు కూడా మా నెత్తిన పెట్టింది. ఏ మహానుభావుడు రాశాడో గానీ మంచు మీద జారే స్కీలకు ఒక పేరా, పిల్లల బండికి ఒక పేరా, చుట్టిన తివాచీకి ఏకంగా ఒకటిన్నర పేరా. జంతువుల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు మంచి ఊపొచ్చినట్టుంది. ప్రాణమున్నది ఏదైనా సరే, మూత బిగించిన పెట్టెలో లేకపోతే టికెట్టు కొనాల్సిందేనట. తినే సరుకులకు మాత్రం టికెట్టు అక్కర్లేదట. క్రిస్మస్‌కు వారం ముందు ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసినవాడు ఈ దేశంలో పుట్టినవాడు కాడని మా వీధిలో అందరి అనుమానం.

ఆ వారం ప్రతి కూడలిలోనూ నీళ్ళ తొట్టెలు వెలుస్తాయి. వాటి నిండా బంగారుతీగ చేపలు. జనం పండుగ కూరకని బతికున్న చేపను కొని, ట్రామెక్కి, ఇంటికి తెచ్చి స్నానాల తొట్టిలో వదులుతారు. ఒంట్లో బురద వాసన పోవాలంటే రెండు రోజులు మంచినీళ్ళలో ఈదాలి మరి. పండుగ దాకా చేప స్నానం చేస్తుంది, ఇంటిల్లిపాదీ మానేస్తారు.

మా వీధిలో ఉండే క్వేతుషకు డెబ్బై ఒక్కేళ్ళు. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయింది. నలభై ఆరేళ్ళపాటు వాళ్ళింటికి చేపను తెచ్చింది ఆమె భర్త బొర్జివోయ్. ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే రేడియో గట్టిగా పెట్టి, కొయ్య సుత్తి పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది కూడా ఆయనే. "చెవులు పగిలిపోతున్నాయి, ఎందుకయ్యా అంత గోల?" అని ఆమె అరిస్తే, "దానికి పాటలంటే ఇష్టమే" అనేవాడు. బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. ఆమె చూడనట్టే ఉల్లిపాయలు తరుక్కునేది.

ఆ బొర్జివోయ్ మార్చిలో పోయాడు.

ఈసారి చేపను ఆమే కొనాల్సి వచ్చింది. రబ్బరు బూట్లు తొడుక్కున్న చేపలవాడు వలతో ఒకదాన్ని లేపి, "కొట్టేసి ఇమ్మంటారా అమ్మా?" అన్నాడు.

"వద్దు. మా ఆయన ఎప్పుడూ బతికిందే తెచ్చేవారు."

"ఆయనేరీ, ఈసారి రాలేదే?"

"రాలేదు" అంది ఆమె. అతను చేపను తడి కాగితాల్లో చుట్టి ఆమె సంచిలో పెట్టాడు. చేప బతికి ఇల్లు చేరాలి. తొట్టిలో ఈదాలి. ఈ ఒక్క పండుగైనా ఆయన ఉన్నట్టే జరగాలి. ఆమె మనసులో అంతకు మించి ఏమీ లేదు. సుత్తి ఎవరు పట్టుకుంటారన్న ఆలోచనను ఆమె దగ్గరికి రానివ్వలేదు.

ట్రాములో సీటు దొరికింది. రెండు స్టాపులు దాటాక, అంతదాకా అందరిలాగే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డ ఒక పల్చటి కుర్రాడు కోటు జేబులోంచి బిళ్ళ తీసి చూపించాడు. పేరు హుబాచెక్. టికెట్ల తనిఖీ ఇన్‌స్పెక్టరు. ఆ ముప్ఫై నాలుగు పేజీలూ చదివిన మనిషి ఊరు మొత్తమ్మీద బహుశా అతనొక్కడే.

క్వేతుష తన వృద్ధుల కార్డు చూపించింది.

"మీది సరే అమ్మగారూ. మరి దానిది?"

"దేనిది?"

సంచి దానంతటదే కదిలింది. "దానిదే" అన్నాడు హుబాచెక్.

"ఇది చేప బాబూ."

"ప్రాణంతో ఉంది కదండీ. ప్రాణముంటే జంతువు. జంతువుకు టికెట్టుండాలి."

"జంతువేంటి బాబూ, ఇది పండుగ కూర!"

"కూరైతే టికెట్టక్కర్లేదు. కానీ కూర కావాలంటే ముందు చావాలి."

ఎదురు సీట్లో కుక్కతో కూర్చున్నావిడ ఇక ఉండబట్టలేక అందుకుంది. "ఏమయ్యా, మీ టికెట్ల మిషన్లో కుక్క టికెట్టొక్కటే ఉంది. నేనిప్పుడే కొన్నాను. చేప టికెట్టు ఎక్కడమ్ముతున్నారో కాస్త చెప్పు!"

"ప్రస్తుతానికి కుక్క టికెట్టే తీసుకోవాలండీ."

"కుక్క టికెట్టుకు మూతికి చిక్కం ఉండాలన్నారుగా. ఈ చేపకీ కట్టమంటావా?"

ట్రామంతా గొల్లుమంది. హుబాచెక్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు. చేపకు చిక్కం నుంచి మినహాయింపు లేదు. అంటే టికెట్టు కొన్నా తప్పే, కొనకపోయినా తప్పే. "ఇక రెండే దార్లండీ" అన్నాడు పాపం నిజాయితీగా. "పదిహేను వందల క్రౌన్ల జరిమానా. లేదంటే వచ్చే స్టాపులోపల దాన్ని ఆహారంగా మార్చడం."

"మార్చడమంటే?"

"మీకు తెలుసు కదండీ."

వెనక సీట్లోంచి ఎవరో, "నా దగ్గర రబ్బరు సుత్తుంది, ఇమ్మంటారా?" అన్నాడు. "నీ మొహం, నోర్మూసుకుని కూర్చో!" అని కుక్కావిడ గద్దించింది.

క్వేతుష సంచిని రెండు చేతులతోనూ పొట్టకు హత్తుకుంది. పదిహేను వందలు ఆమె పర్సులో లేవు. ఆ పర్సులో ఉన్నదల్లా కొంచెం చిల్లర, డబ్బు నిలవాలని పోయినేడు బొర్జివోయ్ తన చేత్తో పెట్టిన చేప పొలుసు. "నేను చంపను" అంది ఆమె. "దిగిపొమ్మంటే దిగి నడిచిపోతాను. నువ్వేమైనా రాసుకో. దీన్ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వను." నవ్వుతున్నవాళ్ళు ఆపేశారు.

ఆ నిశ్శబ్దంలో అందరూ గమనించిందేమిటంటే, సంచి కదలడం లేదు.

కుక్కావిడ సంచిలోకి తొంగిచూసి, ఒక్క క్షణం ఆలోచించి, దీర్ఘంగా నిట్టూర్చింది. "అయిపోయింది పాపం. నీ పుణ్యమా అని హడలి చచ్చింది."

సుత్తిగలాయన టోపీ తీశాడు. అతన్ని చూసి మరో ఇద్దరు తీశారు. హుబాచెక్ చేతి తొడుగు విప్పి, ఒక వేలితో చేపను తాకాడు. మళ్ళీ తాకాడు. చలనం లేదు. క్వేతుషకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

తనిఖీ మొదలుపెట్టాక కాగితం రాయకుండా వదలకూడదని నిబంధన. అతను మోకాలి మీద పెట్టుకుని రాశాడు: "ఒక బంగారుతీగ చేప. తనిఖీ సమయానికి చనిపోయి ఉన్నది. ఆహారము. టికెట్టు అవసరం లేదు." కింద సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఆమె చేతికిచ్చాడు. "ఏమనుకోకండి అమ్మగారూ" అని గొణిగి దిగిపోయాడు.

తలుపులు మూసుకుని ట్రాము కదలగానే సంచి ఆమె మోకాలి మీద ఫెడీమని ఒక్కటిచ్చింది. ట్రామంతా ఈలలు. "నాకు తెలుసు, మొప్పలాడుతూనే ఉన్నాయి!" అని కుక్కావిడ పకపకా నవ్వింది.

చేప రెండు రోజులు తొట్టిలో ఈదింది. ఇరవై నాలుగో తేదీ పొద్దున్న క్వేతుష రేడియో గట్టిగా పెట్టి, మేకుకు వేలాడుతున్న సుత్తి తీసుకుని, స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చేప మూతి పైకి పెట్టి ఆమెను చూసింది. తొట్టి అంచు మీద కూర్చుని ఆమె కూడా దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత చేతులాడక, చన్నీళ్ళలో చెయ్యిపెట్టి భోరున ఏడ్చింది. ఆయన నలభై ఆరేళ్ళు ఈ తలుపు వెనక ఏం చేశాడో ఆమెకు అప్పుడర్థమైంది. అంత పాటల గోల తనకేమీ వినిపించకూడదనేనని కూడా అర్థమైంది. ఎప్పుడో చచ్చినట్టు ప్రభుత్వ ముద్రతో రాసున్నదాన్ని మళ్ళీ చంపడానికి నేనెవరినని సుత్తిని మేకుకే తగిలించేసింది. ఆ రాత్రి వేయించిన పంది మాంసం ముక్కతో బంగాళాదుంప సలాడు తింది.

ఇరవై ఆరున చేపను మూతలేని బకెట్లో వేసుకుని, ఏటికి పోయే ట్రామెక్కింది. కావాలనే మూత పెట్టలేదు. ఆమె అదృష్టమో అతని దురదృష్టమో, హుబాచెక్ ఎదురయ్యాడు. బకెట్లో చేప తోకతో కొట్టిన నీళ్ళు అతని బూట్ల మీద పడ్డాయి.

"అమ్మగారూ, ఇది..."

క్వేతుష కాగితం తీసి చూపించింది. అతను చదివాడు. తన సంతకం చూసుకున్నాడు. చేపను చూశాడు. చేప అతన్ని చూసింది. సంతకం అబద్ధమైతే ఇంకో కాగితం రాయాలి, తనమీద తనే.

"ఆహారమే" అన్నాడు చివరికి. "అంతా సక్రమంగానే ఉంది అమ్మగారూ, కూర్చోండి."

ఏటి గట్టున ఆమె బకెట్టు వంచింది. చేప ఒక్కసారి మెరిసి మాయమైంది. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని దాచుకోవడానికి వంటింటి సొరుగు తెరిచింది. అక్కడ మార్చిలో ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితముంది. దానికీ ముద్ర ఉంది, దానికీ సంతకముంది. ముద్రకొట్టిన కాగితాలు కూడా అప్పుడప్పుడు తప్పుతాయని ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఆమె కళ్ళజోడు పెట్టుకుని దాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివింది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, పోయిన వేళ. అన్నీ సరిగానే ఉన్నాయి.